సోషల్ వర్కర్: మంచి మనసు ఒక్కటే చాలదు

అన్నదానం చేసేవారినీ, రక్తదాన శిబిరం పెట్టేవారినీ మనం సోషల్ వర్కర్ అనే పిలుస్తాం. ఆస్పత్రిలో, హింసకు గురైన మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రంలో, పిల్లల హోమ్‌లో ఉద్యోగం చేసే సోషల్ వర్కర్‌కూ అదే పేరు. కానీ ఈ రెండోవారు రాసే నివేదికను బట్టి ఒక బిడ్డ తల్లి దగ్గరికి వెళ్లాలా, హోమ్‌లోనే ఉండాలా అన్నది తేలుతుంది. అంత బరువైన పని గురించి మనలో అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: సేవాగుణం ఉంటే చాలు, చదువు అక్కర్లేదు.

వాస్తవం: సేవ ఎవరైనా చేయవచ్చు, చేయాలి కూడా. వృత్తిగా చేయాలంటే మాత్రం శిక్షణ కావాలి. మన దేశంలో ఆ శిక్షణ 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట పెట్టిన స్కూల్‌తో మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎం.ఎస్.డబ్ల్యూ.లో తరగతి పాఠాలతో పాటు ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. బాధలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో అక్కడే నేర్చుకుంటారు.

అపోహ: డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టే వీళ్లకూ కౌన్సిల్, లైసెన్సు ఉంటాయి.

వాస్తవం: సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసి, తప్పు చేస్తే పేరు తీసేసే ప్రత్యేక జాతీయ కౌన్సిల్ మనకు లేదు. వృత్తి సంఘాలు ఉన్నా, వాటిలో చేరడం ఐచ్ఛికం. ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే నియంత్రణ సంస్థ 2019 డిసెంబరు నుంచి పనిచేస్తోంది. అందులో నమోదు కానివారు సోషల్ వర్కర్ అని చెప్పుకోవడమే నేరం. ఇక్కడ చదివి అక్కడికి వెళ్లే మన పిల్లలూ ఆ నమోదు పొందాల్సిందే.

అపోహ: అయితే మన దగ్గర చట్టమే లేదన్నమాట.

వాస్తవం: కొంత ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు అర్హతలు నిర్ణయించి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలంది. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం వచ్చిన చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. పిల్లలతో, మహిళలతో, వృద్ధులతో, బస్తీల్లో పనిచేసేవారికే ఇలాంటి ఏర్పాటు కొరవడింది.

అపోహ: సాయం చేశాం కాబట్టి ఫొటో తీసి నలుగురికీ చూపవచ్చు.

వాస్తవం: సాయం అందుకున్నంత మాత్రాన మనిషి తన పరువును మనకు రాసివ్వలేదు. ఇక పిల్లల విషయంలో చట్టం గట్టిగా ఉంది. రక్షణ అవసరమైన, నేరానికి గురైన, లేదా నేరారోపణ ఉన్న బిడ్డ పేరు, ఫొటో, చిరునామా, చదివే బడి బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి ఉద్దేశంతో పెట్టానన్నంత మాత్రాన ఆ బిడ్డకు జరిగిన నష్టం పూడదు.

అపోహ: చెవిన పడిన ప్రతి మాటనూ రహస్యంగానే ఉంచాలి.

వాస్తవం: గోప్యత ఈ వృత్తికి ప్రాణం. దానికీ హద్దు ఉంది. ఒక బాలిక తనపై లైంగిక దాడి జరిగిందని చెబితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, దాచడం నేరం. అందుకే మంచి సోషల్ వర్కర్ 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వరు. ఏది దాచగలరో, ఏది దాచలేరో ముందే విడమరచి చెబుతారు.

అపోహ: దెబ్బలు తిన్న ఇల్లాలికి సర్ది చెప్పి కాపురానికి పంపడమే వీళ్ల పని.

వాస్తవం: నిర్ణయం ఆమెది. చట్టం ఏమిటి, ఆశ్రయం ఎక్కడ, ఏ దారిలో ఏ ప్రమాదం ఉంది అన్నవి ఆమెకు తెలియజెప్పి, ఆమె ఎంచుకున్న దారిలో తోడుండటమే సోషల్ వర్కర్ ధర్మం. తన కులం, మతం, తన ఇంటి ఆచారం ఆమె మీద రుద్దకూడదు.

కష్టంలో ఉన్న మనిషి తన బతుకంతా విప్పి మన ముందు పెడతాడు. ఆ నమ్మకానికి కాపలాగా ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు, ఫిర్యాదు చేసుకునే చోటు ఉండాలి. అవి వచ్చేదాకా మనమూ అడగడం నేర్చుకుందాం: మీ అర్హత ఏమిటి? నా వివరాలు ఎవరు చూస్తారు? నా ఫొటో ఎందుకు? ఇలా అడగడం సాయం పొందేవారి హక్కు. జవాబు చెప్పడం సోషల్ వర్కర్ బాధ్యత.