కాంటాక్ట్ లెన్స్ పరీక్షలు: తడిసే గుణం, సౌకర్యం, ప్రశ్నావళి భాష

వ్యాస సంగ్రహం:
కాంటాక్ట్ లెన్స్ ఎంత బాగా తడుస్తుందో పరికరంతో కొలవవచ్చు. అది కంటికి ఎంత హాయిగా ఉందో మాత్రం ధరించినవారే చెప్పాలి. క్లినికల్ పరీక్షల్లో ఈ రెండింటినీ నిర్ణయించే తీరును వివరించి, రెండవదానిలో ప్రశ్నావళి భాషకున్న ప్రాధాన్యాన్ని తెలుగు పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: కాంటాక్ట్ లెన్స్, స్పర్శకోణం, కన్నీటి పొర, ప్రశ్నావళి, అనువాదం.

1. ఉపోద్ఘాతం

చెకొస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్తెర్లె 1961లో పిల్లల ఆటసామానుతో కూర్చిన యంత్రంపై మెత్తని లెన్సులను తయారుచేశాడు. నీటిని పీల్చుకునే హైడ్రోజెల్ వాటి పదార్థం. 1990ల చివర వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు కంటికి ఆక్సిజన్‌ను మరింతగా అందించాయి. అయితే సిలికాన్ స్వభావతః నీటిని అంటనివ్వదు. అందువల్ల లెన్స్ ఉపరితలాన్ని ప్లాస్మాతో మార్చడం, పదార్థంలోనే చెమ్మను నిలిపే పాలిమర్లను కలపడం వంటి పద్ధతులు ఏర్పడ్డాయి. వాటి ఫలితాన్ని తేల్చేవి పరీక్షలే.

2. తడిసే గుణం

తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలుస్తుంది. శుభ్రమైన గాజు మీద పరచుకుంటుంది. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణమే స్పర్శకోణం. అది తగ్గినకొద్దీ తడిసే గుణం హెచ్చు. ప్రయోగశాలలో లెన్స్ మీద నీటిబొట్టును ఉంచి గాని, ద్రవంలో మునిగిన లెన్స్ కింద గాలిబుడగను నిలిపి గాని దీనిని కొలుస్తారు. మొదటి పద్ధతిలో లెన్స్ పైనున్న నీటిని అద్ది తీయాలి; రెండవదానిలో అది తడిగానే ఉంటుంది. కనుక ఒకే లెన్సుకు వేరువేరు విలువలు రావచ్చు. పద్ధతిని పేర్కొనని అంకె అసంపూర్ణం.

కంటిలో పరిస్థితి వేరు. లెన్స్ కన్నీటి పొరను ముందు, వెనుక భాగాలుగా విడదీస్తుంది. లెన్స్ మీద కాంతివలయాలను ప్రతిఫలింపజేసి, రెప్పపాటు తరువాత అవి ఎన్ని సెకన్లకు చెదురుతాయో లెక్కిస్తే ముందుపొర నిలకడ తెలుస్తుంది. కన్నీటిలోని ప్రోటీన్లు, కొవ్వులు లెన్సుపై చేరడం వల్ల ఉదయపు ఫలితం సాయంత్రానికి మారవచ్చు.

3. సౌకర్యం

తక్కువ స్పర్శకోణం ఉన్నంత మాత్రాన లెన్స్ హాయిగా ఉంటుందని చెప్పలేము. అందుకే ధరించినవారి అనుభూతిని 0 నుండి 100 వరకు గల కొలబద్దపై గాని, ప్రశ్నావళి ద్వారా గాని నమోదు చేస్తారు. ఎనిమిది ప్రశ్నల సి.ఎల్.డి.ఇ.క్యూ.-8 వీటిలో ప్రసిద్ధమైనది. గత రెండు వారాల్లో అసౌకర్యం, పొడితనం, మసక ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా కలిగాయో అది అడుగుతుంది. పక్షపాతం తగ్గడానికి, ఏది ఏ లెన్సో ఇరువర్గాలకూ తెలియనీయకుండా ఒకే వ్యక్తికి రెండింటినీ వంతులవారీగా ఇచ్చే పద్ధతి ఉంది.

4. తెలుగులో ప్రశ్న

తెలుగువారిని ఇవే ప్రశ్నలు అడిగినప్పుడు భాష కొలత సాధనమవుతుంది. ‘కళ్లు పొడిబారాయా?’ అన్న ప్రశ్నకు, కళ్ల వెంట నీరు కారుతున్న వ్యక్తి ‘లేదు’ అనవచ్చు. కాని కంటి ఉపరితలం ఎండినప్పుడు ప్రతిస్పందనగా నీరు ఊరడం సాధారణం. వాడుకలో ఈ బాధకు ‘గరగర’, ‘మంట’, ‘నలక పడినట్లుండడం’, ‘కళ్లు లాగడం’ వంటి మాటలున్నాయి. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. తరచుదనాన్ని తెలిపే మాటలూ అంతే. ‘అరుదుగా’ గ్రాంథికంగా తోస్తుంది. ‘ఒక్కోసారి’, ‘అప్పుడప్పుడు’ అనేవాటిలో ఏది ఎక్కువో అందరూ ఒకే విధంగా చెప్పరు. మెట్ల మధ్య దూరం స్పష్టం కాకపోతే మొత్తం అంకె అర్థం మారుతుంది.

కనుక అనువదించిన ప్రశ్నావళిని వేరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి పోల్చాలి. అది మాత్రమే చాలదు. కొందరు లెన్స్ ధారకులచేత చదివించి, ప్రతి ప్రశ్ననూ వారు ఏమని గ్రహించారో వారి మాటల్లోనే చెప్పించుకోవాలి.

5. ముగింపు

స్పర్శకోణం లెన్స్ స్వభావాన్ని తెలుపుతుంది. కన్నీటి పొర నిలకడ కంటిలో దాని ప్రవర్తనను తెలుపుతుంది. సౌకర్యాన్ని మాట మాత్రమే తెలుపుతుంది. ఆ మాట సరిగా కుదరనప్పుడు మంచి లెన్స్ బాధించేదిగా, బాధించే లెన్స్ మంచిదిగా నమోదయ్యే ప్రమాదముంది. అందువల్ల ప్రశ్నావళి అనువాదంలో నేత్రవైద్యులతోపాటు మాండలిక పదజాలం తెలిసిన భాషాశాస్త్రజ్ఞుల భాగస్వామ్యం అవసరం.