పొగకు మూత పెట్టినదెవరు?

పిల్లలూ, కార్తీక మాసంలో ఒకరోజు తెల్లవారుజామున లేచి రుద్రూర్ ఊరి చివర నిలబడి చూడండి. ఏదో ఇంటి కట్టెల పొయ్యి పొగ తాటిచెట్టంత ఎత్తు లేచి, అక్కడే ఆగి, చాపలా పరుచుకుంటుంది. అదే పొయ్యి, అవే కట్టెలు. మధ్యాహ్నం రెండు గంటలకు చూస్తే పొగ పైపైకి పోయి మాయమవుతుంది. మరి పొద్దున దాన్ని ఆపినదెవరు?

గాలే! పగటిపూట నేల దగ్గరి గాలి వెచ్చగా, పైగాలి చల్లగా ఉంటుంది. వెచ్చని గాలి తేలిక కనుక పైకి లేస్తూ పొగను వెంట తీసుకుపోతుంది. చలికాలంలో మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దానిపై గాలి మాత్రం వెచ్చగానే మిగులుతుంది. వరస తలకిందులైందన్నమాట! దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కింది చల్లగాలి బరువైనది, పైకి లేవలేదు. కుండ మీద మూకుడు పెట్టినట్టే.

మే నెల మధ్యాహ్నం ఈ మూత 2 కిలోమీటర్ల పైన ఉండవచ్చు. చలికాలపు తెల్లవారుజామున 100 మీటర్లకే దిగవచ్చు. తేడా ఎంతో లెక్కవేద్దాం. టన్ను వరిగడ్డి కాలితే సుమారు 3 కిలోల సూక్ష్మకణాలు గాలిలో చేరతాయని ఒక అంచనా. పొడవూ వెడల్పూ కిలోమీటరు చొప్పున ఉన్న ఊరిలో, గాలి వీచడం లేదనుకుంటే, మూత 2 కిలోమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ఘనపు మీటరుకు ఒకటిన్నర మైక్రోగ్రాములు వస్తాయి. 100 మీటర్ల ఎత్తునైతే 30! మన దేశంలో 2.5 మైక్రాన్లకు మించని కణాలకు 24 గంటల సగటు పరిమితి 60. పొగలో ఎక్కువ భాగం ఈ కణాలే. ఒక్క ఎకరం గడ్డి రెండు టన్నుల దాకా ఉంటుంది. ఇక మీరే గుణించుకోండి.

ఇంత చిన్న కణాలను ముక్కులోని వెంట్రుకలు ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

కాకినాడలాంటి తీరపు ఊళ్లకు సముద్రపు గాలి అండ ఉంది. రుద్రూర్‌కు సముద్రం దాదాపు 400 కిలోమీటర్ల దూరం. పైగా ఇది నిజాంసాగర్ కాలువల కింది మాగాణి ప్రాంతం. తడినేల నుంచి లేచే తేమ పొగ కణాలను పట్టుకుని పొగమంచును చిక్కబరుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా భయం తక్కువ. ఈదురుగాలి పొగను చెదరగొడుతుంది, వాన కడిగేస్తుంది.

బోధన్ శక్కర్‌నగర్‌లో 2015లో మూతపడిన చక్కెర కర్మాగారం కూడా చలికాలంలోనే చెరకు ఆడేది. అలాంటి కర్మాగారాలకు పొడవాటి గొట్టాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా? పొగను వీలైనంత ఎత్తున, కుదిరితే మూతకు పైన వదలడానికి! పొలంలో మంటకు గొట్టం ఎక్కడిది?

అలాగని రైతును తిట్టడం తేలిక. కొడవలితో కోసినప్పుడు గడ్డి పశువులకు చేరేది. కోత మిషను వచ్చాక పొడవాటి కొయ్యలు పొలంలోనే మిగులుతున్నాయి. యాసంగి నాటుకు వ్యవధి కొద్ది వారాలే. అగ్గిపుల్ల చవక, కూలి ప్రియం. కాని టన్ను గడ్డిలో 5 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. మంటలో అది దాదాపు అంతా పోతుంది. నీరు పెట్టి, ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే కొయ్యలు త్వరగా కుళ్లి ఎరువవుతాయని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. సాయంత్రం నిప్పు పెట్టడం అన్నిటికన్నా చెడ్డపని. మూత దిగుతున్న వేళ అది!

ఒక నోటుపుస్తకం తీసుకోండి. నెలరోజులపాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి పొగ ఎంత ఎత్తున ఆగిందో తాటిచెట్టు కొలతగా రాసుకోండి. మబ్బు పట్టిన రాత్రి తెల్లవారితే మూత ఉంటుందా, ఉండదా? ముందే ఊహించి, తర్వాత చూడండి.