గుండ్రంగా ఉండకూడని లూప్

విజయవాడలో ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా "రూట్ ఫైవ్ జీ ఆర్" అని చెప్పేస్తారు. తాడుకి కట్టి నిలువు వృత్తంలో తిప్పే వస్తువు పైనుంచి జారిపోకుండా చుట్టు పూర్తి చేయాలంటే అడుగున దానికి ఉండాల్సిన కనీస వేగం అది. జీ అంటే గురుత్వ త్వరణం, ఆర్ అంటే వృత్తం వ్యాసార్ధం. దాని వెనకే "సిక్స్ ఎంజీ" కూడా వస్తుంది. అడుగున తాడు లాగే బలం, అంటే తన్యత. పరీక్షలో ఒక బిట్టుగా వచ్చి, ఒక మార్కుగా మారి, ఆ తర్వాత జీవితంలో మళ్లీ కనిపించని సూత్రాల్లో ఇదొకటి అనుకుంటాం.

నేను ఆ పాఠం చెబుతున్న రోజున వెనక బెంచీ కుర్రాడొకడు లేచి అడిగాడు. "సార్, హైదరాబాద్ వండర్‌లాలో రికాయిల్ ఎక్కాను. మీరు బోర్డు మీద వేసిన వృత్తంలా లేదండీ అక్కడి లూప్. పైన ఇరుగ్గా, కిందికొచ్చేసరికి వెడల్పుగా ఉంది. ఎందుకని?"

ఇంత మంచి ప్రశ్న తరగతిలో అరుదుగా వస్తుంది. కోస్టర్లు కట్టేవాళ్లకి దీని జవాబు పట్టాల మీద దించడానికి దశాబ్దాలు పట్టింది. జవాబుకి కావలసిన సరుకంతా ఆ కుర్రాడి నోట్సులోనే ఉంది. వాడు బట్టీపట్టిన ఆ రెండు సూత్రాల్లోనే.

రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు దాన్ని మొదటి ఎత్తు మీదకి లాగి వదిలేస్తుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఎత్తుని వేగంగా, వేగాన్ని మళ్లీ ఎత్తుగా మార్చుకుంటూ పోవడమే దాని పని. ఇప్పుడు లూప్ కొసన తలకిందులుగా ఉన్న బండిని ఊహించండి. భూమి దాన్ని కిందికి లాగుతోంది. ఆ లాగుడు మొత్తం బండిని వంపు తిప్పడానికే ఖర్చయిపోతే బండి పట్టాని వదలదు. అందుకు ఆ కొసన వేగం వర్గం కనీసం జీ ఆర్ ఉండాలి. అక్కణ్ణుంచి అడుక్కి రావడమంటే రెండు వ్యాసార్ధాల ఎత్తు దిగడం. ఆ దిగుడు వేగం వర్గానికి ఇంకో నాలుగు జీ ఆర్ కలుపుతుంది. మొత్తం ఐదు జీ ఆర్. కుర్రాళ్లు వల్లించే ఐదు ఇక్కణ్ణుంచే వచ్చింది.

అడుగున బండిని పైకి వంచడానికి కావలసిన త్వరణం ఎంతో తెలియాలంటే ఆ ఐదు జీ ఆర్‌ని ఆర్‌తో భాగించాలి. ఐదు జీ వస్తుంది. ఎలాగూ ఉండే సొంత బరువు ఒకటి కలిపితే ఆరు. ఈ లెక్కలో నాకు ఎప్పటికీ విసుగు రాని చోటు ఇదే: భాగహారంలో ఆర్ కొట్టుకుపోయింది. వృత్తం వ్యాసార్ధం 3 మీటర్లైనా, 30 మీటర్లైనా అడుగున మనిషి మీద పడేది ఆరు రెట్ల బరువే. లూప్‌ని పెద్దది చేస్తే మెల్లగా ఉంటుందనే ఆశకి తావే లేదు. వృత్తం వృత్తంగా ఉన్నంతకాలం ఆరు తగ్గదు.

ఆరు రెట్లంటే ఏమిటో ఒంటికి అన్వయించుకుంటే తెలుస్తుంది. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. ఆరు రెట్ల దగ్గర మెడ మోయాల్సింది 30 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తా ఒక్కసారిగా నెత్తిమీద పడ్డట్టే. ఒక్కసారిగా అన్న మాట ఊరికే వాడలేదు. తిన్నటి పట్టాకి వంపు సున్నా. వృత్తానికి వంపు మొదటి అంగుళం నుంచే పూర్తిగా ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట బరువు ఒకటి నుంచి ఆరుకి ఏ మెట్టూ లేకుండా ఎగిరి కూర్చుంటుంది. కండరాలు బిగించుకోవడానికి వ్యవధి ఉండదు.

దీన్ని మనుషుల మీద నిజంగానే ప్రయోగించారు. 1840ల్లోనే ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో సెంట్రిఫ్యూగల్ రైల్వే పేరుతో చిన్న చిన్న లూపులు కట్టి చూశారు. బాగా పేరు మోసింది మాత్రం 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని సీ లయన్ పార్కులో లైనా బీచర్ నిలబెట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే. పూర్తి వృత్తం, 25 అడుగుల వ్యాసం, బండికి ఇద్దరు. మన సూత్రం దీనికి వేసి చూస్తే అడుగున కనీస వేగం గంటకి 49 కిలోమీటర్లు వస్తుంది. అంటే విజయవాడ బైపాస్ మీద బైకు వెళ్లేపాటి వేగం. భయపెట్టే అంకె కానేకాదు. నొప్పంతా ఆ వేగంలో అంత చిన్న వ్యాసార్ధంలో తిరగడం వల్ల వచ్చింది. పైగా కట్టేవాడు సరిగ్గా కనీస వేగంతో ఆగలేడు. కొసన బండి తడబడితే మనుషులు పడిపోతారు. అందుకని కొంచెం వేగం ఎక్కువే ఇవ్వాలి. పైన భద్రత కోసం కలిపిన ప్రతి కొసరూ అడుగున మెడ మీద పడుతుంది. ఫ్లిప్ ఫ్లాప్‌లో బరువు 12 రెట్లదాకా పోయేదని తర్వాతివాళ్లు లెక్కగట్టారు. దిగినవాళ్లు మెడలు పట్టుకుని వెళ్లారు. ఎక్కేవాళ్లకన్నా చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువయ్యారు. కొన్నేళ్లకే అది మూతపడింది.

తరగతిలో ఇక్కడిదాకా వచ్చాక ఎవరో ఒకరు సర్కస్ గురించి అడుగుతారు. ఇనుప జల్లెడ గోళంలో ఒకడు మోటార్ సైకిల్ మీద నిలువునా చుట్లు కొడతాడు కదా, అతని మెడ ఎందుకు విరగదు? అతనూ నిలువు వృత్తంలోనే తిరుగుతున్నాడు. తేడా అతని కుడి చేతిలో ఉంది. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఇస్తాడు, దిగేటప్పుడు తగ్గిస్తాడు. వేగం చుట్టంతా దాదాపు ఒకేలా ఉంచుకోగలడు. కొసన సరిపోయే వేగమే అడుగునా ఉంటే అక్కడ పడేది రెండు రెట్ల బరువే. ఇంజనుంటే రెండు, ఇంజను లేకపోతే ఆరు. మధ్యలో ఉన్న నాలుగూ పైనుంచి కిందికి పడడం వల్ల వచ్చినవి. ఇంజను లేకుండా, ఒక్క ఎత్తునే నమ్ముకుని తిరిగే బండికి ఆ నాలుగూ ఎలా తగ్గించాలన్నదే కోస్టర్ కట్టేవాడి అసలు సమస్య.

ఇంజను లేని బండి సంగతిని నేను తరగతిలో లెవెల్ ట్యూబుతో చూపిస్తాను. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నీళ్లు నింపి మట్టం చూసుకునే తెల్లటి ప్లాస్టిక్ ట్యూబు. అందులో పట్టే సైకిల్ బాల్ ఒకటి చాలు. ఒక ముక్కని బ్లేడుతో నిలువునా చీరి కాలువలా చేసి, గుండ్రంగా చుట్టి చెక్కకి బిగించాలి. బంతిని పైనుంచి వదిలితే, ఎత్తు చాలకపోతే కొస దగ్గర కాలువని వదిలి రాలిపోతుంది. పుస్తకం లెక్కలో లూప్ అడుగు నుంచి రెండున్నర వ్యాసార్ధాల ఎత్తు చాలు. కానీ బంతి జారదు, దొర్లుతుంది. దొర్లడానికి కొంత శక్తి పోతుంది కాబట్టి కనీసం 2.7 వ్యాసార్ధాలు కావాలి. రాపిడికి ఇంకాస్త. ఇప్పుడు చీల్చని ట్యూబు తీసుకుని అదే లూప్ వేయండి. ఈసారి బంతి రాలదు. ఎలా రాలుతుంది, ట్యూబు పై గోడ పట్టుకునే ఉంది కదా! కొసన దాదాపు ఆగిపోయి, మెల్లగా అవతలికి పొర్లి దిగుతుంది.

చీల్చని ట్యూబు చేసిన పనినే అసలు కోస్టర్లో చేసినవాడు జాన్ మిల్లర్. పట్టా మీద దొర్లే చక్రాలతో పాటు పట్టా కిందినుంచి పట్టుకునే చక్రాలు పెట్టి 1919లో పేటెంట్ తీసుకున్నాడు. బండి కొండ ఎక్కుతున్నప్పుడు వినిపించే టకటక కూడా ఆయన పేటెంట్లలోకి చేరినదే. వెనక్కి జారకుండా బండి కింది కొక్కెం ఒక్కో పన్ను దాటుతూ పడే చప్పుడది. ఆ చప్పుడుకి పిల్లలు భయపడతారు గానీ, అది వినిపిస్తున్నంతసేపూ బండి క్షేమంగా ఉన్నట్టు లెక్క. నూరుకి పైగా పేటెంట్లున్న మిల్లర్‌లో నాకు బాగా నచ్చేది ఆ కింది చక్రమే. దానివల్ల బండి పట్టాని వదిలే ప్రశ్నే పోయింది. కానీ మన లూప్ సమస్యకి అది ఎంత సాయం చేసింది? కొసన వేగం సున్నా అయినా ఫరవాలేదు కాబట్టి అడుగున ఐదు జీ ఆర్ బదులు నాలుగు జీ ఆర్ చాలు. నాలుగు, సొంత బరువు ఒకటి, మొత్తం ఐదు. అంత గొప్ప చక్రం కూడా ఆరులోంచి ఒక్కటి మాత్రమే తీసింది.

మిల్లర్ చక్రం రాకముందే వ్యాపారం లామార్కస్ థాంప్సన్ వైపు వెళ్లిపోయింది. 1884లో కోనీ ఐలాండ్‌లోనే 5 సెంట్ల టికెట్‌తో స్విచ్‌బ్యాక్ రైల్వే నడిపి లాభాలు గడించినవాడాయన. బండి వేగం గంటకి 10 కిలోమీటర్లు. జనం పక్కకి తిరిగి కూర్చుని ఊరు చూస్తూ పోయేవారు. తర్వాత సొరంగాలు, రంగుల బొమ్మలు చేర్చి సీనిక్ రైల్వేలు కట్టాడు. ఎక్కినవాళ్లు హాయిగా దిగి, మళ్లీ క్యూలో నిలబడాలన్నది ఆయన పద్ధతి. లూప్ వాళ్లది, మనిషిని ఒక్కసారి తలకిందులు చేస్తే చాలనే పట్టుదల. డబ్బు లెక్కలో థాంప్సన్ పూర్తిగా గెలిచాడు. నా అభిమానం మాత్రం ఓడినవాళ్ల వైపే, ఎందుకంటే కష్టమైన ప్రశ్న వాళ్లే ఎత్తుకున్నారు.

వాళ్లలో ఎడ్విన్ ప్రెస్కాట్ సగం దూరం వెళ్లాడు. 1901లో కోనీ ఐలాండ్‌లో లూప్ ద లూప్ పేరుతో కట్టినది కోలగా ఉండే లూప్. దెబ్బ తగ్గింది, మెడలు నిలిచాయి. కానీ బండికి నలుగురే పట్టేవారు. ఖర్చు రాబట్టుకోవడానికి చూసేవాళ్ల దగ్గర కూడా డబ్బు తీసుకోవలసి వచ్చింది. 1910 నాటికి అదీ ఆగిపోయింది. సగం దూరమని ఎందుకన్నానంటే, నిలబెట్టిన దీర్ఘవృత్తానికి పైన ఎంత ఇరుకో అడుగునా అంతే ఇరుకు. మనకి కావలసింది పైన ఇరుకు, కింద విశాలం.

అలాంటి వంపు అప్పటికే రైల్వేల దగ్గర ఉంది. విజయవాడ జంక్షన్లో పట్టాల మీద పనిచేసినవాళ్లని అడిగితే చెబుతారు. తిన్నటి పట్టా సాధారణంగా ఒక్కసారిగా వంపులోకి తిరగదు. రెండిటి మధ్య ట్రాన్సిషన్ కర్వ్ వేస్తారు. అందులో వంపు సున్నా దగ్గర మొదలై నడిచే దూరంతో పాటు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. దూరానికి సరిగ్గా అనులోమంగా వంపు పెరిగే రేఖని క్లోథాయిడ్ అంటారు. డిగ్రీలో ఫ్రెనెల్ వివర్తనం చదివినవాళ్లు దాన్ని కార్ను సర్పిలంగా చూసే ఉంటారు. నేల మీద పరిచే ఆ వంపుని నిలబెట్టి, దాని అద్దం బొమ్మని రెండోవైపు అతికిస్తే ఆ కుర్రాడు వండర్‌లాలో చూసిన ఆకారం వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. 20 మీటర్ల ఎత్తు లూప్. వృత్తమైతే వ్యాసార్ధం 10 మీటర్లు, అడుగున వేగం గంటకి సుమారు 80 కిలోమీటర్లు, బరువు ఆరు రెట్లు. అదే ఎత్తులో పైన వ్యాసార్ధం 5 మీటర్లకి కుదించి, అడుగున 22.5 మీటర్లకి పెంచాం అనుకోండి. కొస ఇరుకు కాబట్టి అక్కడ తక్కువ వేగం చాలు. అడుగున వేగం వర్గం 50 జీ నుంచి 45 జీకి దిగుతుంది, అంటే గంటకి 76 కిలోమీటర్లు. వేగం తగ్గింది నాలుగు కిలోమీటర్లే. కానీ 45 జీని 22.5తో భాగిస్తే రెండు జీ. సొంత బరువు ఒకటి కలిపితే మూడు రెట్లు. ఎత్తు అదే, తలకిందులవడం అదే, బరువు మాత్రం సగం. పైగా ఆ మూడు కూడా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తాయి. వేగం ఎక్కువున్న చోట పెద్ద వ్యాసార్ధం, తక్కువున్న చోట చిన్న వ్యాసార్ధం. సర్కస్ మనిషి చేత్తో చేసిన సర్దుబాటుని ఇక్కడ ఆకారం చేస్తోంది.

ఈ ఆకారాన్ని నిలబెట్టినవాళ్లు ఇద్దరు జర్మన్లు. కట్టినవాడు ఆంటన్ ష్వార్జ్‌కోఫ్, లెక్కలు వేసినవాడు వెర్నర్ స్టెంగెల్. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ పేరుతో ఆ లూప్ తెరుచుకుంది. అంతకు ముందే, 1959లో, డిస్నీలాండ్‌లోని మాటర్‌హార్న్ కోస్టర్ కోసం యారో అనే కంపెనీ గొట్టపు ఉక్కు పట్టా చేసింది. చెక్క మీద సాధ్యం కాని వంపులు దానితో సాధ్యమయ్యాయి. తర్వాత లూపులు వరస కట్టాయి. ఒకటున్న చోట ఇంకొన్ని వచ్చాయి. హైదరాబాద్ వండర్‌లా 2016లో తెరుచుకుంది. రికాయిల్ ముందుకెళ్లిన దారినే వెనక్కి కూడా తిప్పి తీసుకొస్తుంది. కృష్ణా డెల్టాలో గుడివాడ, తెనాలి, బందరు ఎగ్జిబిషన్లకి జెయింట్ వీల్, కొలంబస్ వస్తాయి గానీ నిలువు లూప్ ఇంకా మన ఊళ్లలోకి రాలేదు.

ఫిజిక్స్ చెప్పే తోటి అధ్యాపకులకి ఒక మనవి. నిలువు వృత్తం పాఠం రోజున బోర్డు మీద వృత్తం పక్కనే ఈ రెండో ఆకారం కూడా గీయండి. వీలైతే రెండు లూపులూ లెవెల్ ట్యూబుతో చేసి, బంతి దొర్లడాన్ని ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయించండి. వృత్తం అడుగున బంతి ఎంత వేగంతో పోతోందో, రెండో ఆకారంలో ఎంత వేగంతో పోతోందో పిల్లల చేతే కొలిపించి, వాళ్ల చేతే వ్యాసార్ధంతో భాగింపజేయండి. ట్యూబు శానిటరీ సామాను అమ్మే ఏ షాపులోనైనా మీటర్ల లెక్కన ఇస్తారు.