సంఖ్యాచిత్రముల పరిభాష

పట్టికలోని యంకెలు చదువరి యోర్పును గోరును; చిత్రమునకెక్కిన యంకెలు చూచినంతనే బోధపడును. అంతమాత్రమునఁ జిత్రమెల్ల సత్యమని నమ్మరాదు. స్కాట్లండువాసియగు విలియం ప్లేఫెయిర్ 1786లో వర్తకపు లెక్కలను గీతలతోను, గమ్మీలతోను, 1801లో వృత్తభాగములతోను జూపెను. నాఁటనుండి వ్యాపించిన యీ విద్యకు మన బడులలో వాడుకయైన తెలుఁగు పదములు గలవు. జగ్గయ్యపేట, నందిగామలు చేరియుండిన నాఁటి కృష్ణాజిల్లా జనసంఖ్య నుదాహరణముగాఁ గొని వానిని వివరింతము.

జనగణనలనుబట్టి యీ జిల్లాలో 1981లో 30,48,463, 1991లో 36,98,833, 2001లో 41,87,841, 2011లో 45,17,398 మంది యుండిరి. ఇట్లు సేకరించిన యంకెలకు దత్తాంశమని పేరు. వీనిని గీయుటకు రెండక్షములు వలయును. అడ్డపు టక్షముమీఁద సంవత్సరములను, నిలువు టక్షముమీఁద జనసంఖ్యను గుర్తింతురు. అవి కలియుచోటు మూలబిందువు. అంగుళమున కెన్ని లక్షలో తెలుపు నియమము స్కేలు. గుర్తించిన బిందువులను గలిపిన రేఖాచిత్రమగును. కాలముతోడి మార్పును దెలుపుట కిది తగును. సమానమైన వెడల్పుగల దిమ్మెలను నిలిపినఁ గమ్మీచిత్రమగును. పరిమాణములను బోల్చుట కిది మేలు. ఒక మొత్తములోని పాళ్లను జూపునది వృత్తరేఖాచిత్రము.

కమ్మీచిత్రమున నెత్తే పరిమాణము. కావున నిలువు టక్షము సున్నతోఁ బ్రారంభము కావలెను. దానిని 40 లక్షలతో మొదలిడితిమేని 2001 నాఁటి కమ్మీ 1.88 లక్షల యెత్తును, 2011 నాఁటిది 5.17 లక్షల యెత్తును గలదై, పదియేండ్లలో జనము రమారమి రెండుముప్పాతిక రెట్లయినట్లు తోఁచును. నిజమైన పెరుగుదల నూటికి 8కిఁ గొంచెము తక్కువ. అంకెలలో నసత్యము లేదు. అసత్యము మూలబిందువునందే యున్నది.

సరిహద్దుల మాటయు నట్టిదే. 1925లో కృష్ణాజిల్లానుండి పశ్చిమగోదావరి వేఱుపడెను. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామలు ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరెను. ఈ సంగతి చెప్పక, పాత రేఖకుఁ గొత్త జిల్లా లెక్కను దగిలించినచో జనము హఠాత్తుగాఁ దఱిగినట్లు కానవచ్చును. జనులు కదలలేదు, ఎల్ల కదలినది. కావున శీర్షికలో నే యెల్లలలోని లెక్కయో తెలుపవలెను.

మఱియొకటి. పంటల దిగుబడికి జిల్లా యంతటికి నొక్క సగటు కమ్మీ నిలిపినచోఁ, బ్రకాశం బ్యారేజి కాలువల క్రింది డెల్టాయు, నాగార్జునసాగరపు టెడమకాలువ చివరినీటికై చూచు మెట్టయు నేకమగును. మెట్టవాని కొఱఁత డెల్టావాని కలిమిలో మఱుఁగుపడును. మెట్టకు వేఱు కమ్మీ యుండిననే యా కొఱఁత కనఁబడును. కనఁబడని కొఱఁతకు సాయ మడుగుట కష్టము.

కావునఁ జిత్రమును జూచువారు మొదట మూలబిందువును, బిదప స్కేలును, ఆపైని ఎల్లలను, దుదకు సగటులోఁ గలిసిపోయినవారిని విచారించి, యటుపిమ్మటనే దానిని నమ్మవలయును.