బ్రేకు గొట్టమునకు తగిన పానా

మన సంగనకల్లు చెంతనున్న హిరేగుడ్డపై వేల సంవత్సరములకు పూర్వము నవీన శిలాయుగపు జనులు రాతి గొడ్డళ్లను చేసెడివారు. 19వ శతాబ్దిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర ఈ ప్రాంతపు పనిముట్లను లోకమునకు తెలియజేసెను. 1940వ దశకమున బెండపూడి సుబ్బారావుగారు ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. చుట్టును గ్రానైటు కొండలే యున్నను, ఆ పనివారు గొడ్డలికై దానిని కోరక, సన్నని రేణువులు గల డాలరైటు అను నల్లరాతినే వెదకి తీసిరి. గ్రానైటునకు చక్కని అంచు రాదు. డాలరైటు అరుగదీసిన కొలది పదును నిలుపును. పనికి తగిన సాధనమును ఎన్నుకొను ఆ వివేకము నేడు ఇంటి ముంగిట బండిని బాగుచేసికొను మనకును అవసరమే.

మా ఇంట ఒక పాత జీపు కలదు. నిరుటి వేసవిలో దాని బ్రేకు గొట్టపు నట్టును విప్పుటకు చేతికందిన 10 మిల్లీమీటర్ల సామాన్యపు పానాను వేసితిమి. ఆ నట్టు 3/8 అంగుళముది, అనగా సుమారు 9.5 మిల్లీమీటర్లు మాత్రమే. పానా జారెను, నట్టు మూలలు అరిగిపోయెను. పటకారుతో పట్టి త్రిప్పగా గొట్టమే మెలిపడి చిట్లెను. నాటి బళ్లారి ప్రయాణము ఆగిపోయినది. చిట్లుట కంటికి కనబడినది గనుక సరిపోయెను. కనబడకయున్నచో ఏమయ్యెడిదో తలచుకొన్న భయము వేయును.

ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని పాస్కల్ నియమము. కాలితో పెడలును నొక్కగా పుట్టిన ఒత్తిడి ద్రవము ద్వారా సన్నని గొట్టములలో పోయి చక్రముల బ్రేకులను పట్టించును. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారుతో నాలుగు చక్రములకును ఈ పద్ధతి వచ్చెను. గొట్టపు కొనను ఉమ్మెత్తపువ్వువలె వెడల్పు చేయుదురు. దీనినే ఫ్లేర్ అందురు. గొట్టముపై తొడిగిన నట్టు ఆ కొనను దాని పీఠమునకు అదిమి, ద్రవము కారకుండ కాపాడును.

ఈ నట్టును విప్పుటలో చిక్కు ఇది: నోరు తెరచియుండు పానా ఆరు పలకలలో రెండింటినే పట్టుకొనును, బలమంతయు రెండు మూలలపై పడును. రింగు పానా అన్ని వైపులను పట్టును గాని, నడుమ గొట్టముండుటచే దానిని నట్టుపైకి ఎక్కింపలేము. ఈ రెండింటి గుణములను కలిపినదే ఫ్లేర్ నట్టు పానా. ఇది గొట్టము దూరునంత చీలిక గల రింగు. గొట్టముపై దూర్చి, నట్టుపైకి జరిపినచో ఐదు పలకలను పట్టుకొనును.

ఈ పానాల కట్టలను పోల్చునప్పుడు చూడవలసినవి నాలుగు. మొదటిది కొలతలు. కార్ల బ్రేకు గొట్టములకు సాధారణముగా 10, 11 మిల్లీమీటర్లు ముఖ్యము. ట్రాక్టరు డీజిలు గొట్టములకు తరచుగా 17, 19 కావలెను. పాత బండ్లకు అంగుళపు కొలతలు వేరు. మూడు పానాల కట్టలో ఆరు కొలతలుండును. మీ బండికి అవి చాలునేని పెద్ద కట్ట వృథా. రెండవది మూలల సంఖ్య. పండ్రెండు మూలల పానాను ఇరుకులో 30 డిగ్రీలకే మార్చి పట్టవచ్చును. కాని ఆరు మూలలది పలకలను దిట్టముగా పట్టును గనుక తుప్పుపట్టిన మెత్తని నట్టునకు అదియే మేలు. మూడవది తల మందము. తల పలుచనైనచో బలమునకు చీలిక విచ్చుకొని పానా జారును. మరీ మందమైనచో సందున దూరదు. నాలుగవది ఉక్కు. క్రోమ్ వెనేడియం ఉక్కుతో పోతపోయక సాగగొట్టి చేసినది నమ్మదగినది. కొనుటకు ముందు ఒక నట్టుపై ఉంచి ఊపి చూడవలెను. వదులుగా ఆడినచో విడువవలెను.

విప్పుటకు ముందు మన్నును తీగ బ్రష్షుతో తుడిచి, తుప్పు విడుచు నూనె వేసి, కొంతసేపు ఆగవలెను. పానా నట్టుపై పూర్తిగా కూర్చుండవలెను. రబ్బరు గొట్టము వైపు మరియొక పానాతో పట్టుకొనవలెను. తిరిగి బిగించునప్పుడు నట్టును మొదట వ్రేళ్లతోనే ఎక్కింపవలెను. చిన్న బ్రేకు నట్టునకు సుమారు 15 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా 15 సెంటీమీటర్ల పిడిపై సుమారు 10 కిలోల బలము. అధికముగా బిగించిన ఫ్లేర్ పగులును. మీ బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము.

బ్రేకు ద్రవము రంగును పాడుచేయును, గాలిలోని తేమను పీల్చును; కావున సీసా మూతను బిగించి యుంచవలెను. పని ముగిసిన పిదప గొట్టములలోని గాలిని వెడలగొట్టనిదే బండిని కదల్పరాదు. గాలి నొక్కుకొనిపోవును గనుక పెడలు క్రుంగును గాని బ్రేకు పట్టదు. విద్యార్థులు ఈ పనిని పెద్దల యెదుటనే చేయవలెను. మూల అరిగినట్లు తోచిన వెంటనే పానాను ఆపి, తెలిసిన మెకానిక్కును పిలుచుట చిన్నతనము కాదు. నట్టు పోయిన మరియొకటి దొరకును. బ్రేకు పట్టని బండిలో పోయిన ప్రాణము తిరిగి రాదు.