ధనుర్మాసపు కూనలు

చిత్తకార్తె వచ్చినదని తెలిసికొనుటకు మన గ్రామములలో పంచాంగము చూడనక్కరలేదు. వీథికుక్కలే చాటును. ఆ కార్తె పేర మన భాషలో నొక తిట్టుకూడ పుట్టినది. కాని యా తిట్టును నవ్వుచు వాడువా రెవరును దాని తరువాతి లెక్క వేయరు. కుక్క గర్భము మోయునది సుమారు 63 దినములు. అక్టోబరు నడుమ కడుపైన కుక్క డిసెంబరు నడుమ నీనును. అనగా, ఏడాదిలో చలి మిక్కుటమగు ధనుర్మాసమున, తమ యొంటివేడిని తాము నిలుపుకొనలేని కూనలు మన యరుగులక్రిందను, ఇసుకకుప్పలమీదను, నిలిచియున్న లారీలక్రిందను కన్నులు తెరవక పడియుండును.

వానిలో నెన్ని బ్రతుకుచున్నవో లెక్కించినవారు కలరు. కలకత్తాయందలి భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 95 వీథికుక్కల యీతలను కనిపెట్టియుండి, 2016లో ఫలితములను ప్రకటించిరి. 364 కూనలలో ఏడవ మాసమునకు మిగిలినవి నూటికి 19 మాత్రమే. చావులలో నూటికి 63 మనుష్యుని మూలమున కలిగినవి. ఇది చదువగానే పాఠకులు రాయి విసరువానిని, చూడక బండి తోలువానిని తలంతురు. వారి నెవరును సమర్థింపరు. మేము నేడు చెప్పదలచినది పాలగిన్నె పట్టుకొని బయలుదేరు దయాళువులను గూర్చి.

ఏ పేటలోనైనను ఈ కథ యొకేవిధముగా నడచును. కూనల యేడుపు విని, తల్లి కానరాలేదుగదా యని, జాలిగుండెవా రెవరో వానిని అట్టపెట్టెలో నెత్తుకొని యింటికి తెత్తురు. తల్లి యెక్కడికిని పోలేదు. ఆకలికి తాళలేక ఎంగిలాకులు వెదకబోయినది. ఒక్క గడియ దూరముగా నిలిచి చూచియుండిన తిరిగివచ్చెడిదే. పుట్టిన మొదటి దినమున కుడిచిన జున్నుపాలే కూనకు రోగములనుండి రక్ష. ఆ దినము దాటిన పిమ్మట ఆ రక్షను గ్రహించుశక్తి దాని ప్రేగులకు పోవును. ఇదంతయు నెరుగక, పసిబిడ్డకు వలెనే ఆవుపాలలో సగము నీళ్లు కలిపి, కూనను వెల్లకిల పరుండబెట్టి, చెంచాతో నోట పోయుదురు. మరునాటికి విరేచనములు, మూడవనాటికి కూన చల్లబడును. దాని యాయుష్షంతే యని యింటిల్లిపాదియు దుఃఖింతురు.

ఆయుష్షును నిందింపనేల? పాలను చూచిన చాలును. కుక్కపాలలో కొవ్వు నూటికి సుమారు 9 పాళ్లు, మాంసకృత్తులు 7 లేక 8 పాళ్లు నుండును. ఆవుపాలలో కొవ్వు 4 పాళ్లు, మాంసకృత్తులు 3 పాళ్లకు కొంచెము పైన. పాలచక్కెర మాత్రము ఆవుపాలలోనే యధికము. ఆ చక్కెర విరేచనములకు త్రోవచేయును. కలిపిన నీళ్లు ఉన్న బలమును సగము చేయును. వెల్లకిల పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి దిగును. దయతో చేసినను ఫలము రాయి విసరినదానికంటె వేరుగా లేదు.

కావున కూనలను పోషింపగోరువారు ముందుగా తల్లిని పోషింపవలెను. కడుపుతోనున్న కుక్కకు కడపటి మూడువారములలో ఆహారము హెచ్చింపవలెను; పాలిచ్చునపుడు మామూలుకంటె రెండు మూడు రెట్లు కావలసియుండును. ఉత్త మజ్జిగయన్నము చాలదు. ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసము, ముండ్లు తీసిన చేప దానికి బలము. ఉల్లిపాయలు పడిన సాంబారును పెట్టరాదు. ఉల్లి కుక్కల నెత్తురును చెరచును. కొందరు సున్నపుధాతువు మాత్రలు కొని చూలుకుక్కకు మ్రింగింతురు. ఇదియు పొరపాటే. వైద్యుడు చెప్పక యిచ్చిన మాత్రలవలన దేహము తన నిల్వలను తాను తీసికొను నేర్పు కోల్పోవును. ఈనిన తరువాత నెత్తురులో సున్నపుధాతువు పడిపోయి, వణకు, రొప్పు, కాళ్లు బిగియుట కలుగును. ఆ లక్షణములు కనబడినప్పుడు కూనలను వేరుచేసి తక్షణము పశువైద్యుని యొద్దకు పోవలెను. గంటలలో ప్రాణము పోగలదు.

చోటు దానినే యెన్నుకొననిండు. అచ్చట పొడిగోనెలు పరచి, మంచు పడకుండ పైన నొక రేకు నిలిపిన చాలును. ఇరుగుపొరుగు పిల్లల నందరిని చూడ రమ్మనరాదు. బాలింతకుక్క కరచుట దాని ధర్మము. దినదినము ఒక్కరే తిండి పెట్టుచుండిన వారిని నమ్మును. ప్రసవవేళ ఒక యరగంటకుమించి గట్టిగా ముక్కుచున్నను కూన రాకున్న, లేక మొదటి కూన రాకమునుపే ఆకుపచ్చని స్రావము కనబడిన, వైద్యుని పిలువవలెను.

తల్లి నిజముగా చచ్చినచో? అప్పుడు దగ్గరలో నీనిన మరియొక కుక్క కలదేమో విచారింపుడు; చేరనిచ్చినచో అంతకుమించిన యుపాయము లేదు. అదియు లేనిచో ముందు వేడి, పిదప పాలు. చల్లబడిన కూనకు పాలు పట్టరాదు. దాని కడుపు అరిగింపలేదు. మొదటివారమున పడకచుట్టు 85 నుండి 90 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండవలెను. వేడినీళ్ల సీసాకు గుడ్డచుట్టి ఒకప్రక్కన నుంచి, వేడియెక్కువైన తొలగిపోవుటకు రెండవప్రక్క ఖాళీ విడువవలెను. కుక్కపిల్లలకై చేసిన పాలపొడి పశువైద్యశాలల చెంత మందులదుకాణములలో దొరకును. అది చేతికి వచ్చులోపల ఒకటి రెండు పూటలు నీరు కలుపని మేకపాలు గోరువెచ్చగా పట్టవచ్చును. కూనను బోర్లనుంచి, తల కొంచె మెత్తి, చిన్నసీసాతో దానినే చీకనీయవలెను. మొదటివారమున రెండుమూడు గంటల కొకమారు, రాత్రియు పగలును. పట్టిన ప్రతిమారును గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో క్రిందిభాగమును మెల్లగా నద్దవలెను. తల్లి నాకినగాని మూత్రము, మలము వెడలింపలేని ప్రాణి యది. ఈ సంగతి తెలియక ఎన్ని కూనలు కడుపుబ్బి చచ్చుచున్నవో! ప్రతిదినము తూచుట మేలు. పుట్టిన బరువు పదిదినములలో రెట్టింపు కావలెను. కన్నులు 10 మొదలు 14 దినములలో తెరచును. ఏలికపాములు తల్లి గర్భముననే సోకును గనుక రెండవవారముననే వైద్యుని యడిగి మందు వేయింపవలెను.

ఇంత శ్రమ వీథికుక్కకా యని యడుగువారు కలరు. వారి ప్రశ్నను త్రోసిపుచ్చలేము. 1926లో అహమ్మదాబాదునందు ఒక మిల్లుయజమాని అరువది వీథికుక్కలను చంపించినప్పుడు గాంధీమహాత్ముడు 'యంగ్ ఇండియా'లో ఆతనిని సమర్థించి దేశమంతటి యాగ్రహమునకు పాత్రుడయ్యెను. దిక్కులేని కుక్క సంఘమునకు సిగ్గనియు, మెతుకులు విసరి పుణ్యము గట్టుకొనుట దయ కాదనియు ఆయన వాదము. చంపుటను మేము ఒప్పము. మెతుకులమాటను మాత్రము ఒప్పుదుము. మనుష్యులకు వచ్చు పిచ్చికుక్కరోగములో నూటికి 99 వంతులు కుక్కలవలననే. కరచిన చోటును పదునైదు నిమిషములు సబ్బునీళ్లతో కడిగి, ఆనాడే టీకాకు పోనివాని ప్రాణమునకు, ఆ రోగము బయటపడిన పిమ్మట, వైద్యము లేదు. ఏ తప్పును చేయని కూనను కొట్టితిరేల యని సరమ జనమేజయుని యజ్ఞశాలయందు అడిగిన ప్రశ్న యెంత న్యాయమో, మా బిడ్డను కరచిన కుక్కకు పూచీయెవరని పొరుగువా డడుగు ప్రశ్నయు నంతే న్యాయము.

తిండి పెట్టినవాడే పూచీ యని మేమందుము. 1926లో లేని సాధనములు నేడు కలవు. 2001లో చేసి, 2023లో మార్చిన కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము వీథికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్సయు, టీకాయు చేయింపవలసినది స్థానికసంస్థలు. కూనలు పాలు మానిన తరువాత, తల్లి పొదుగు ఇంకగానే, మునిసిపాలిటీవారికి వ్రాసి దానిని పంపవలెను. చెవికొన కత్తిరింపుతో తిరిగివచ్చును. కూనలకు ఆరు మొదలు ఎనిమిదివారముల నడుమ మొదటి టీకాలు, మూడవమాసమున పిచ్చికుక్కరోగపు టీకా. ఎనిమిదివారములు నిండకముందు తల్లినుండి వేరుచేసి యెవరికిని ఈయరాదు.

ఇచ్చునప్పు డొక చిక్కు కలదు. వచ్చినవారందరును మగపిల్లనే యడుగుదురు. ఆడకూనలు బుట్టలో మిగిలి, కొన్నాళ్లకు సంతబయట విడువబడును. వచ్చు చిత్తకార్తెకు, కాకున్న దాని మరుసటి చిత్తకార్తెకు, ఈనునవి అవియే. కావున మొదట దిక్కు చూడవలసినది, శస్త్రచికిత్సకు మాట పుచ్చుకొని యీయవలసినది ఆడకూనలనే.