చౌక ఎస్ఎస్‌డీ: మొదటి వారం మెప్పు, రెండో ఏట పరీక్ష

ఏడెనిమిదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లో మీట నొక్కితే తెర సిద్ధమయ్యేలోగా ఒక కప్పు టీ తాగి రావచ్చు. అందులోని హార్డ్ డిస్క్‌ను తీసివేసి తక్కువ ధరకు దొరికే సాలిడ్ స్టేట్ డ్రైవ్‌ను, అంటే ఎస్ఎస్‌డీని అమర్చితే, అదే యంత్రం చాలా సందర్భాల్లో అర నిమిషం లోపే పనికి సిద్ధమవుతుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, చెన్నై రిచీ స్ట్రీట్, ఢాకాలోని ఐడీబీ భవన్ వంటి కంప్యూటర్ బజార్లలో పాత యంత్రానికి మరమ్మతుదారులు సూచించే తొలి చికిత్స ఇదే. కొత్త కంప్యూటర్ ధరలో చిన్న వంతుతో పని పూర్తవుతుంది.

కొన్నవారి సంతోషం ఆన్‌లైన్ దుకాణాల సమీక్షల్లో కనిపిస్తుంది. ‘పాత కంప్యూటర్‌కు ప్రాణం వచ్చింది’ అనే అర్థం వచ్చే మాటలు, పక్కన అయిదు నక్షత్రాలు. అయితే పేజీలో కిందికి వెళితే వేరే స్వరం వినిపిస్తుంది. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే వేగం పడిపోయిందని ఒకరు, నిన్నటిదాకా పనిచేసిన డ్రైవ్‌ను నేడు కంప్యూటర్ గుర్తించడం లేదని మరొకరు రాస్తారు. ఈ రెండు రకాల కొనుగోలుదారులూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అధిక భాగం ప్రశంసలు డ్రైవ్ చేతికి వచ్చిన కొద్ది రోజుల్లోనే రాసినవి. చౌక డ్రైవ్‌లోని లోపాలు మాత్రం ఆ కొద్ది రోజుల్లో బయటపడేవి కావు.

తొలి సంతోషానికి బలమైన కారణమే ఉంది. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం, దానిపై అటూ ఇటూ కదిలే చిన్న చేయి ఉంటాయి. అక్కడక్కడా చెదిరి ఉన్న వందలాది చిన్న ఫైళ్లను వెతకవలసి వచ్చినప్పుడు ఆ చేయి సెకనుకు సుమారు వంద చోట్లకు మించి చేరలేదు. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమేదీ లేదు. ఎంత చౌక రకమైనా సెకనుకు వేల చోట్ల నుంచి సమాచారాన్ని తీసుకురాగలదు. కంప్యూటర్ ఆరంభమయ్యేటప్పుడు జరిగే పని ప్రధానంగా ఇదే. కనుక పెట్టె మీద ముద్రించిన ‘సెకనుకు 550 ఎంబీ’ అనే అంకె కంటే ఈ చురుకుదనమే వాడుకదారుకు అనుభవంలోకి వస్తుంది. సాటా రెండో తరం కనెక్టర్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో ఆ 550 దాదాపు సగానికి తగ్గుతుంది. అయినా తేడా గమనించేవారు అరుదు.

కొత్తగా కొన్నవారు తరచుగా చేసే ఒక ఫిర్యాదుకు మాత్రం ఆధారం లేదు. 240 జీబీ డ్రైవ్ కొంటే తెరపై 223 జీబీ మాత్రమే కనిపిస్తోందని పలువురు కలవరపడతారు. తయారీదారు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ అదే పేరుతో 107 కోట్లకు పైగా బైట్లను లెక్కిస్తుంది. రెండూ ఒకే పరిమాణం, కొలమానాలే వేరు. తప్పు డ్రైవ్‌ది కాదు. అయితే ఈ గందరగోళాన్ని పరిశ్రమ ఇన్నేళ్లుగా సరిదిద్దకుండా వదిలేయడం మెచ్చుకోదగినది కాదు.

వేగం ఎందుకు పడిపోతుంది?

ఎస్ఎస్‌డీలో సమాచారం నాండ్ ఫ్లాష్ అనే చిప్‌లలో నిలుస్తుంది. జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా బృందం 1980ల్లో రూపొందించిన సాంకేతికత ఇది. ఇందులో ప్రతి సూక్ష్మ గది, అంటే సెల్, కొంత విద్యుదావేశాన్ని బంధించి ఉంచుతుంది. తొలి రోజుల్లో ఒక్కో గదిలో ఒక్కో బిట్ మాత్రమే దాచేవారు. ఆవేశం ఉందా, లేదా అని చూస్తే సరిపోయేది. తర్వాత రెండు, మూడు, నాలుగు బిట్లు దాచడం మొదలైంది. మూడు బిట్ల రకాన్ని టీఎల్‌సీ అని, నాలుగు బిట్ల రకాన్ని క్యూఎల్‌సీ అని అంటారు. నాలుగు బిట్లు దాచాలంటే ఒకే గదిలో 16 వేర్వేరు స్థాయుల ఆవేశాన్ని తేడా తెలిసేలా నిలపాలి. అందువల్ల రాయడం నెమ్మదిస్తుంది, గది త్వరగా అరుగుతుంది. అదే చిప్‌లో ఎక్కువ సమాచారం పడుతుంది కనుక ధర తగ్గుతుంది.

ఈ నెమ్మదితనం కొనుగోలుదారుకు వెంటనే తెలియకుండా తయారీదారులు ఒక ఏర్పాటు చేస్తారు. కోతలనాడు ధాన్యాన్ని ముందుగా వసారాలో రాశిగా పోసి, తీరిక దొరికాక గాదెలోకి ఎత్తినట్టు, డ్రైవ్ వచ్చిన సమాచారాన్ని మొదట కొన్ని గదుల్లో ఒక్కో బిట్ చొప్పున వేగంగా రాసుకుంటుంది. పని లేనప్పుడు దాన్ని సర్ది దగ్గరగా పేరుస్తుంది. దీన్నే ఎస్ఎల్‌సీ క్యాష్ అంటారు. వసారా నిండేదాకా అంతా వేగమే. నిండిన తర్వాత వచ్చే ప్రతి బస్తా నేరుగా గాదె ద్వారం వద్ద వరుసలో నిలబడవలసిందే.

శాంసంగ్ తన 870 క్యూవీఓ డ్రైవ్ విషయంలో ఈ లెక్కను బహిరంగంగానే ప్రకటించింది. 1 టీబీ రకంలో రాసే వేగం సెకనుకు 530 ఎంబీ. గరిష్ఠంగా 42 జీబీ ఉండే క్యాష్ నిండిన తర్వాత అది 80 ఎంబీ. జిల్లా కేంద్రంలోని ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ 200 జీబీ వీడియోను వేగవంతమైన వేరొక డ్రైవ్ నుంచి ఇందులోకి కాపీ చేస్తున్నాడనుకుందాం. తొలి 42 జీబీ నిమిషంన్నర లోపే పూర్తవుతుంది. మిగిలిన 158 జీబీకి దాదాపు 33 నిమిషాలు పడుతుంది. సెకనుకు 150 ఎంబీ రాయగల సాధారణ హార్డ్ డిస్క్ మొత్తం పనిని సుమారు 22 నిమిషాల్లో ముగించగలదు. ఉత్తరాలు, లెక్కలు, పాఠాలు, సినిమాలకే కంప్యూటర్ వాడే కుటుంబం ఈ గోడను ఎన్నడూ తాకకపోవచ్చు. పెళ్లిళ్ల కాలంలో ఫొటోగ్రాఫర్ మాత్రం రోజూ తాకుతాడు. ఒకే వస్తువుకు ఒకరు అయిదు నక్షత్రాలు, మరొకరు ఒక నక్షత్రం ఇవ్వడానికి ఇది ఒక కారణం.

పేరు అదే, లోపలిది వేరు

ఇంకొక కారణం మరింత ఇబ్బందికరమైనది. ఒకే పేరుతో, ఒకే పెట్టెలో అమ్ముడయ్యే డ్రైవ్‌లో చిప్‌లు కాలక్రమేణా మారిపోవచ్చు. 2021లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ తన బ్లూ ఎస్ఎన్550 డ్రైవ్‌లోని ఫ్లాష్ చిప్‌లను మార్చింది. క్యాష్ నిండాక సెకనుకు సుమారు 610 ఎంబీగా ఉండిన వేగం 390 ఎంబీ స్థాయికి తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. సంస్థ ఆ మార్పును అంగీకరించి, ఇకపై ప్రకటిత లక్షణాలు మారితే మోడల్ సంఖ్యను కూడా మారుస్తామని తెలిపింది. అదే ఏడాది క్రూషియల్ పీ2 డ్రైవ్ టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీకి మారిన సంగతి కూడా సమీక్షకుల పరీక్షల్లోనే వెల్లడైంది. మార్పుకు ముందు వచ్చిన మంచి సమీక్షలు మాత్రం అదే పేరు కింద కొనసాగాయి.

చిప్‌ల సరఫరా, ధరలు మారుతూ ఉంటాయి కనుక భాగాలు మార్చడం తయారీదారుకు అవసరం కావచ్చు. ఆ సంగతి పెట్టె మీద చెప్పకపోవడాన్ని అవసరం అనలేం. రెండేళ్ల కిందటి ప్రశంస చదివి నేడు డ్రైవ్ కొంటున్న వ్యక్తి, ఒక విధంగా, ఆ ప్రశంసకు సంబంధం లేని వస్తువును కొంటున్నాడు. అందుకే ఇటీవలి తేదీ ఉన్న సమీక్షలను, అందులోనూ ఏడాది వాడిన తర్వాత రాసినవాటిని ముందుగా చూడడం ఉపయోగకరం. సమీక్షల విశ్వసనీయత కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. దాన్ని పాటించడం దుకాణాల ఇష్టానికి వదిలిన విషయంగానే మొదలైంది.

అరుగుదల భయం, అసలు ప్రమాదం

ఎస్ఎస్‌డీ కొన్నేళ్లకే అరిగిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. దానికి లెక్క ఉంది. చౌక రకాల్లో బాగా అమ్ముడైన 240 జీబీ డ్రైవ్‌లు కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500. రెండింటికీ తయారీదారులు ప్రకటించిన రాత పరిమితి 80 టీబీ. రోజుకు 20 జీబీ రాసే ఇంటి కంప్యూటర్ ఆ పరిమితిని చేరడానికి 4,000 రోజులు, అంటే దాదాపు 11 ఏళ్లు కావాలి. వారంటీ మాత్రం 3 ఏళ్లు. ఇంటి వాడకంలో డ్రైవ్ అరిగి పోవడం అరుదు.

డ్రైవ్‌ను ఆకస్మికంగా ఆపేది సాధారణంగా అరుగుదల కాదు. చిప్‌లను నడిపించే కంట్రోలర్ పాడవడం, దాని లోపలి ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లో దోషం ఉండడం, రాస్తుండగా విద్యుత్ పోవడం వంటివి అందుకు కారణాలు. ఖరీదైన సర్వర్ డ్రైవ్‌లలో కరెంటు పోయినా చేతిలోని పని ముగించేందుకు కెపాసిటర్లు ఉంటాయి. చౌక రకాల్లో అవి ఉండవు. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఇది నిజమైన ప్రమాదం. అలాగని ధర ఒక్కటే రక్షణ ఇవ్వదు. సంస్థల సర్వర్లలో వాడే కొన్ని డ్రైవ్‌లు సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక పూర్తిగా ఆగిపోయే ఫర్మ్‌వేర్ దోషం ఉందని హెచ్‌పీఈ సంస్థ 2019లో స్వయంగా హెచ్చరించింది.

హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు టకటకమని శబ్దం చేస్తుంది, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో ముఖ్యమైనవి బయటకు తీసుకునే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీ నిశ్శబ్దంగా పోతుంది. రాత్రి ఆపిన కంప్యూటర్ ఉదయం డ్రైవ్ లేదని చెబుతుంది. పొరపాటున చెరిపిన ఫైళ్లను తిరిగి రాబట్టడమూ కష్టం. ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే ఆదేశంతో డ్రైవ్ తానే శుభ్రం చేసుకుంటుంది. కంట్రోలర్ పాడైన డ్రైవ్ నుంచి సమాచారం రాబట్టే ప్రయోగశాలలు ఉన్నాయి గాని, వాటి రుసుము సాధారణంగా డ్రైవ్ ధరకు ఎన్నో రెట్లు.

వారంటీ ఇక్కడ ఆదుకోదు. వారంటీ కింద వచ్చేది మరో డ్రైవ్ మాత్రమే, పిల్లల ఫొటోలు కాదు, దుకాణం లెక్కల పుస్తకం కాదు. పైగా పాడైన డ్రైవ్‌ను సేవా కేంద్రానికి అప్పగించాలి. అందులో బ్యాంకు పత్రాలు, ఆధార్ ప్రతులు ఉండవచ్చు. తెరుచుకోని డ్రైవ్‌ను చెరిపి ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. కొత్త డ్రైవ్ అమర్చిన రోజే బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్ ప్రారంభించి, దాని తాళం సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకున్నవారికి ఆ చింత ఉండదు. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో సాగే వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించినప్పుడు, పాత వారంటీలు కొనసాగుతాయని కూడా తెలిపింది. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉన్న సంస్థ ఇది. ఇటువంటి మార్పుల వేళ బిల్లు భద్రంగా ఉన్న కొనుగోలుదారుకే మాట చెల్లుతుంది.

2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో అసాధారణంగా తక్కువ ధరకు కనిపించే డ్రైవ్‌లపై ఆకర్షణ మరింత పెరిగింది. వీటిలో నకిలీలు ఉన్నాయి. 16 టీబీ అని ముద్రించిన బయటి డ్రైవ్‌ను విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు బయటపడిన ఉదంతాలు పలు దేశాల్లో నమోదయ్యాయి. అటువంటి డ్రైవ్ తన పరిమాణం గురించి కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. చోటు అయిపోయాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్‌ను మొత్తం నింపి, తిరిగి చదివి, అసలు పరిమాణాన్ని చెప్పగలదు. వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్ష చేయాలి. కొందరు డ్రైవ్‌ను గడువు తీరేవరకు పెట్టెలోనే ఉంచి, తీరిక దొరికాక తెరుస్తారు. నష్టపోయేది అక్కడే.

లోపమున్న సరుకును వెనక్కు తీసుకోవడానికి విక్రేత నిరాకరిస్తే, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు.

డ్రైవ్‌ను అల్మరాలో దాచి నిశ్చింతగా ఉండడం కూడా సరికాదు. పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ నిబంధన ప్రకారం, రాత పరిమితి పూర్తిగా వాడేసిన సాధారణ ఎస్ఎస్‌డీ విద్యుత్ లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది పాటు సమాచారాన్ని నిలపగలిగితే చాలు. కొత్త డ్రైవ్‌లు అంతకు ఎంతో ఎక్కువ కాలం నిలుపుతాయి. అయినా వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. కోస్తా, తెలంగాణ వేసవుల్లో మూసిన గది వేడి 30 డిగ్రీల దగ్గర ఆగదు.

అనుభవం ఉన్న మరమ్మతుదారులు చౌక ఎస్ఎస్‌డీ అమర్చాక తీసివేసిన హార్డ్ డిస్క్‌ను పారవేయనివ్వరు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ పెట్టెలో దాన్ని బిగించి చేతికిస్తారు. విండోస్, ప్రోగ్రాములు కొత్త డ్రైవ్‌లో నడుస్తాయి. ఫొటోలు, పత్రాలు వారానికి ఒకసారి పాత డిస్క్‌లోకి కూడా చేరతాయి. ఆ డిస్క్ పళ్లెం నెమ్మదిగా తిరిగినా ఈ పనికి చాలు.